వానకు చోటిచ్చే కట్టడం

విశాఖపట్నం నుంచి భీమిలి వెళ్లే బీచ్ రోడ్డు పక్కన, సముద్రానికి ఎదురుగా తొట్లకొండ ఉంది. రెండు వేల ఏళ్ల కిందట అక్కడ బౌద్ధ భిక్షువులు నివసించారు. ఎదురుగా కనుచూపు మేర నీళ్లే, తాగడానికి మాత్రం పనికిరావు. అందుకని కొండ రాతినే తొలిచి తొట్లు చేసుకున్నారు. వాన కురిస్తే బండల మీది నీళ్లు వాలు వెంట జారి ఆ తొట్లలోకి చేరేవి. కొండకు ఆ పేరు వచ్చింది వాటి వల్లే. దగ్గర్లోని బావికొండ పేరు వెనకా నీళ్ల సంగతే ఉంది. స్తూపం ఎక్కడ, గదులు ఎక్కడ అని ఆలోచించినవాళ్లు నీళ్లు ఎక్కడ నిలవాలో కూడా అక్కడే, ఆ రాతి మీదే ఆలోచించారు.

కట్టడాల్లో వాననీటి నిర్వహణ అంటే ఈ పనే. స్థలం మీద పడిన వానలో ఎంత పట్టుకుని వాడుకోవాలి, ఎంత నేలలోకి ఇంకించాలి, ఎంతను కాసేపు ఆపి మెల్లగా వదలాలి, మరీ పెద్ద వాన పడితే మిగిలింది ఎటు పోవాలి అని పునాది తీయకముందే తేల్చుకోవడం. పర్యావరణానికి భారం కాని ఇళ్ల గురించి మాట్లాడేటప్పుడు కరెంటు ఆదా, సోలార్ పలకల ప్రస్తావనే ముందు వస్తుంది. కానీ మన నగరాల్లో ఒకే అపార్ట్‌మెంటు ఏప్రిల్‌లో ట్యాంకరు కోసం ఎదురుచూస్తుంది, ఆగస్టులో సెల్లారులో నిలిచిన నీళ్లు మోటారు పెట్టి తోడుకుంటుంది. రెండు ఇబ్బందులకూ మూలం ఒకటే. అందుకే ఇక్కడ వాన లెక్క ముందు చూసుకోవాలి.

ఆ లెక్క సులువైనదే. చదరపు మీటరు జాగాలో ఒక మిల్లీమీటరు వాన పడితే అది ఒక లీటరు. హైదరాబాద్‌లో ఏడాదికి సగటున సుమారు 800 మిల్లీమీటర్లు కురుస్తుంది. 100 చదరపు మీటర్ల స్లాబు మీద అది 80,000 లీటర్లు. ఆవిరయ్యేది, చిమ్మిపోయేది, తొలి వానలో మురికితో వదిలేసేది కలిపి ఐదో వంతు తీసేసినా 64,000 లీటర్లు చేతికొస్తాయి. నగరాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు కావాలన్నది మన దేశంలో నీటి సరఫరా ఇంజినీర్లు పాటించే ప్రమాణం. ఆ లెక్కన నలుగురున్న ఇంటికి రోజుకు 540 లీటర్లు. స్లాబు మీద దొరికినవి దాదాపు 118 రోజులకు సరిపోతాయి, ఏడాదిలో ఇంచుమించు మూడో వంతు. సుమారు 550 మిల్లీమీటర్లే కురిసే అనంతపురంలో కూడా అదే స్లాబు 80 రోజులకు పైగా నీళ్లిస్తుంది. కరువు సీమ అని పేరుపడిన చోట ఇది చిన్న విషయం కాదు.

అపార్ట్‌మెంటుకు వచ్చేసరికి లెక్క తిరగబడుతుంది. ఐదంతస్తులు, అంతస్తుకు నాలుగు ఫ్లాట్లు, మొత్తం 80 మంది, పైన 500 చదరపు మీటర్ల డాబా అనుకుంటే ఏడాదికి 3,20,000 లీటర్లు వస్తాయి. మనిషి వాటాకు 4,000 లీటర్లు, నెల రోజుల నీళ్లు. కాబట్టి ఎత్తయిన కట్టడాలు కప్పు మీదే ఆధారపడలేవు, చుట్టూ ఉన్న నేల కూడా పని చేయాలి. ఆ నేలే ఇప్పుడు కరువైపోయింది. కార్లు పెట్టుకోవడానికి ప్రహరీ నుంచి ప్రహరీ దాకా సెల్లారు తవ్వుతున్నారు. దాని మీద రెండడుగుల మట్టి పోసి పచ్చిక పరిస్తే చూడటానికి తోటలాగే ఉంటుంది. కింద ఉన్నది మాత్రం కాంక్రీటు. అక్కడ పడిన వానకు భూమిలోకి దారే లేదు.

కాంక్రీటు, తారు పరిచిన నేల వల్ల ఎంత తేడా వస్తుందో ఒక ఉదాహరణతో చూడవచ్చు. వెయ్యి చదరపు మీటర్ల స్థలంలో 100 మిల్లీమీటర్ల వాన కురిస్తే లక్ష లీటర్లు. చెట్లు, గుల్ల నేల ఉన్న చోట అందులో 20 నుంచి 30 వేల లీటర్లు పారుతాయని, అంతా గచ్చు చేసిన చోట 85 నుంచి 90 వేలు పారుతాయని ఇంజినీర్లు ఉజ్జాయింపుగా లెక్క వేస్తారు. నేల రకాన్ని బట్టి, వాన జోరును బట్టి ఈ అంకెలు అటూ ఇటూ అవుతాయి. పారే నీళ్లు మూడింతలు కావడం ఒక ఎత్తయితే, అవి గంటల్లో కాకుండా నిమిషాల్లో రోడ్డెక్కడం మరో ఎత్తు. వీధి కాలువ ఇరుకైనది కావడం వల్లే కాదు, వీధిలోని ప్రతి ఇల్లూ ఒకే సమయంలో నీళ్లు గుమ్మరించడం వల్ల కూడా పొంగుతుంది.

పాత ఇళ్లు వానను పట్టుకునే పనిని వేరే పద్ధతిలో చేసేవి. మండువా లోగిలినే తీసుకుంటే, నాలుగు వైపుల పెంకుల కప్పులూ లోపలికి వాలి ఉంటాయి. మధ్యలో ఆకాశం కనపడే పల్లపు వాకిలి. రెండు కప్పులు కలిసే మూలల్లో ధార లావుగా పడుతుంది. వాన ముదిరాక ఆ మూలల కిందికి ఇత్తడి గంగాళాలు జరిపేవారు. వాన మొదలైన వెంటనే పట్టేవారు కాదు, కప్పు కడిగినంతసేపు ఆగేవారు. పట్టిన నీళ్లలో కందిపప్పు తొందరగా ఉడికేది, సబ్బు బాగా నురగ వచ్చేది. వాననీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు దాదాపు లేకపోవడమే దానికి కారణం. మిగిలినవి మండువా తూములోంచి పెరట్లోకి, అరటి పాదుల్లోకి పోయేవి. వెలుతురు, గాలి, నీళ్లు మూడింటికీ ఆ ఇంట్లో ఒకే ఏర్పాటు.

ఇలాంటి తెలివి ఒక్క మన దగ్గరే పుట్టలేదు. అహ్మదాబాద్ పాత నగరంలోని పోళ్లు అనే నివాసవాడల్లో ఇంటి నడిమి వాకిలి కింద తాంకా అనే నేలమాళిగ తొట్టి ఉంటుంది. డాబా మీది వాన గొట్టాల గుండా అందులోకి దిగుతుంది. వెలుతురు సోకని, సున్నపు పూత పూసిన ఆ గదిలో నీళ్లు నెలల తరబడి చెడకుండా నిలిచేవి. అట్లాంటిక్ మహాసముద్రంలోని బెర్ముడా దీవుల్లో నదులు లేవు. అక్కడి ఇళ్ల కప్పులు మెట్లు మెట్లుగా, తెల్లని సున్నంతో మెరుస్తుంటాయి. మెట్లు వాన వేగాన్ని తగ్గించి నీళ్లను కాలువలోకి మళ్లిస్తాయి, అక్కడి నుంచి ఇంటి కింది ట్యాంకులోకి. ఇంటి కప్పు మీది వానను పట్టుకోవడం అక్కడ చట్టప్రకారం తప్పనిసరి.

నేటి స్లాబు ఇంట్లో ఆ పని ఎలా సాగుతుందో దగ్గర నుంచి చూస్తే ఎక్కడ పొరపాట్లు జరుగుతాయో అర్థమవుతుంది. తొలకరి పడిన మొదటి పది నిమిషాల్లో డాబా పైపులోంచి వచ్చే నీళ్లను బకెట్టులో పడితే టీ రంగులో ఉంటాయి. వేసవి అంతా పేరుకున్న దుమ్ము, పావురాల రెట్ట, కుళ్లిన వేపాకులు, ట్యాంకు మూత మీది తుప్పు అన్నీ అందులో ఉంటాయి. దీన్ని సంపులోకి వదిలితే ఏడాది పొడవునా ఆ వాసనే. అందుకే పైపు కింద ఒక మళ్లింపు పెడతారు. మొదటి ఒకటి రెండు మిల్లీమీటర్ల వాన, అంటే 100 చదరపు మీటర్ల స్లాబుకు 100 నుంచి 200 లీటర్లు, బయటికి పోవాలి. ఇందుకు ఖరీదైన యంత్రమేమీ అక్కర్లేదు. ఆ నీళ్లు పట్టేంత లావుగా, కింద మూత ఉన్న నిలువు పైపు ఉంటే చాలు. అది మురికి నీళ్లతో నిండాక తర్వాత వచ్చే తేట నీళ్లు పక్క దారిలో ఫిల్టరుకు మళ్లుతాయి. వాన వెలిశాక కింది మూత విప్పి పైపు ఖాళీ చేయాలి. ఫిల్టరులో కంకర, ఇసుక, కొన్నిచోట్ల బొగ్గు పొరలుగా ఉంటాయి. తాగాలంటే ఆ తర్వాత మరగబెట్టడమో, క్లోరిన్ కలపడమో తప్పదు.

స్లాబు వాటం కూడా ఇక్కడే చూసుకోవాలి. పిట్టగోడ మూలలో నీళ్లు నిలిస్తే స్లాబు నాని ఇంట్లో చెమ్మ దిగుతుంది. వాటం సరిగ్గా ఉంటే అదే నీళ్లు పైపులోకి, సంపులోకి పోతాయి. ప్లాను గీసే రోజునే పైపులన్నీ సంపు వైపు దిగేలా చూస్తే అదనంగా అయ్యే ఖర్చు తక్కువ. ఇల్లు పూర్తయ్యాక ఆ పని పెట్టుకుంటే గోడలు పగలగొట్టాలి, టైల్స్ లేపాలి. వాననీటి ఏర్పాటు ఖరీదైనదనే మాట చాలామంది నోట వినిపించడానికి కారణం దాన్ని చివరికి మిగల్చడమే.

ట్యాంకు ఎంత పెద్దదై ఉండాలన్నది అవసరాన్ని బట్టి ఉంటుంది. మన వానల్లో ఎక్కువ భాగం నాలుగైదు నెలల్లోనే కురుస్తుంది. ఇంటి అవసరాలన్నిటికీ ఏడాది నిల్వ పెట్టాలంటే ట్యాంకు మరీ పెద్దదవుతుంది. తాగడానికి, వంటకు మాత్రమే అనుకుంటే మనిషికి రోజుకు పది లీటర్లు చాలు. నలుగురికి 10,000 లీటర్ల ట్యాంకు 250 రోజులు వస్తుంది. బోరు నీళ్లలో ఫ్లోరైడ్‌తో తరతరాలుగా అవస్థ పడిన నల్లగొండ ప్రాంతంలో ఈ లెక్కకు చాలా విలువుంది. కప్పు మీద పడే వానలో ఫ్లోరైడ్ నామమాత్రమే. తీరం వెంబడి డెల్టా ఊళ్లలో పరిస్థితి ఇంకోలా ఉంటుంది. అక్కడ కొద్ది అడుగుల్లోనే నీళ్లు పడతాయి గానీ చాలా చోట్ల ఉప్పగా ఉంటాయి. మంచి వానను ఆ ఉప్పునీళ్లలోకి ఇంకిస్తే తాగునీళ్లుగా మళ్లీ తోడుకోవడం కష్టం. అలాంటి చోట ఇంటికి గుంత కన్నా ట్యాంకే మేలు.

ఇంకుడు గుంత అనే మాట తెలుగు ఇళ్లలోకి విస్తృతంగా వచ్చింది 2000లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన నీరు-మీరు కార్యక్రమంతో. పాతికేళ్లు గడిచినా గుంత ఎలా పనిచేస్తుందన్న విషయంలో స్పష్టత తక్కువే. రెండు మీటర్ల పొడవు, వెడల్పు, లోతు ఉన్న గుంతలో 8,000 లీటర్లు పడతాయి. దాన్ని పైదాకా కంకరతో నింపేస్తే రాళ్ల సందుల్లో నిలిచేది సుమారు 3,000 లీటర్లే. సాధారణంగా అడుగున 40 ఎం.ఎం. కంకర, దాని మీద 20 ఎం.ఎం. కంకర, ఆపైన దొడ్డు ఇసుక వేసి, పైన కొంత జాగా ఖాళీగా వదులుతారు. వాన జోరును ముందు ఓర్చుకునేది ఆ ఖాళీయే. చాలా చోట్ల అందులో మట్టి, చెత్త చేరి గుంత గట్టిపడిపోతుంది. పైకి గుంతలాగే కనిపిస్తుంది, చుక్క కూడా లోపలికి దిగదు.

కింద ఉన్న నేల సంగతి అంతకన్నా ముఖ్యం. హైదరాబాద్ గ్రానైట్ రాయి మీద కూర్చుంది. పైన మొరం, దాని కింద పగుళ్లున్న రాయి, ఇంకా కింద పగుళ్లు లేని గట్టి బండ. నీళ్లు నిలిచేది మొరంలో, పగుళ్లలో. ఒక ప్లాటులో మొరం ఆరేడు మీటర్లుంటే పక్క ప్లాటులో రెండడుగుల్లోనే బండ తగలవచ్చు. బండ మీద తవ్విన గుంత నీళ్ల తొట్టిగా మిగిలిపోతుంది. అలాంటి స్థలంలో ఎండిపోయిన పాత బోరు చుట్టూ ఫిల్టరు కట్టి, తేటపడిన నీళ్లను అందులోకి వదిలితే పగుళ్ల దాకా చేరతాయి. ఫిల్టరు లేకుండా బోరులోకి రోడ్డు నీళ్లు వదలడం మాత్రం భూగర్భ జలాన్ని చేజేతులా పాడుచేసుకోవడమే. నేల ఎంత పీలుస్తుందో తెలుసుకోవడానికి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. అడుగున్నర గొయ్యి తవ్వి, నేల బాగా నానేదాకా బిందెలతో నీళ్లు పోసి, ఆ తర్వాత గంటలో ఎన్ని అంగుళాలు దిగాయో కొలిస్తే చాలు. ఆ గంటసేపు వెచ్చించకుండా తవ్విన గుంతలే మన నగరాల్లో ఎక్కువ.

నల్లరేగడి నేలలో ఇంకో జాగ్రత్త కావాలి. ఆ మట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే పగుళ్లిస్తుంది. గోడ పక్కనే గుంత తవ్వితే పునాది కదిలి గోడలు బీటలు వారతాయి. ఏ నేలలోనైనా పునాదికి కనీసం పదడుగుల దూరం ఉంచడం, సెప్టిక్ ట్యాంకుకు ఇంకా ఎడంగా తవ్వడం మంచిది.

పట్టుకోవడం, ఇంకించడం తర్వాత వచ్చేది వాన వేగాన్ని తగ్గించడం. హైదరాబాద్ కొత్తగూడలోని సీఐఐ–సొహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ ఇందుకు దగ్గరలో ఉన్న మంచి ఉదాహరణ. వాస్తుశిల్పి కరణ్ గ్రోవర్ రూపొందించిన ఈ భవనం 2003లో పర్యావరణహిత భవనాలకిచ్చే లీడ్ ప్లాటినం గుర్తింపు పొందింది. అమెరికా వెలుపల ఆ గుర్తింపు అందుకున్న మొదటి కట్టడం ఇదే. 2004 జూలై 14న అప్పటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం దీన్ని ప్రారంభించారు. కప్పులో సగానికి పైగా మట్టి, మొక్కలు. నడిచే దారుల్లో సందులున్న పలకలు పరచడం వల్ల వాన వాటి మధ్యలోంచి కిందికి దిగుతుంది. వాడిన నీళ్లను మొక్కల వేళ్ల మధ్య నుంచి పారించి శుద్ధి చేసి తోటకు వాడతారు. స్థలం నుంచి మురుగునీరు బయటికి పోనివ్వకూడదన్నది దాని నియమం. గుండ్రని లోపలి వాకిలి చుట్టూ గదులు అమర్చిన తీరు చూస్తే తెలుగువాళ్లకు మండువా గుర్తుకు రాకమానదు.

పచ్చని కప్పు వేయాలంటే బరువు లెక్క తప్పనిసరి. పలుచని మట్టి పొర కూడా బాగా తడిశాక చదరపు మీటరుకు 100 కిలోల పైచిలుకు తూగవచ్చు. మొదట్లో ఆ బరువును లెక్కలోకి తీసుకోకుండా వేసిన పాత స్లాబు మీద కుండీలు పేర్చి, మట్టి పోయడం ప్రమాదం. జలనిరోధక పొర, వేళ్లు చొచ్చుకుపోకుండా ఆపే పొర, నీళ్లు దిగే పొర ఒకదాని మీద ఒకటి సరిగ్గా ఉంటేనే ఆ తోట పదికాలాలు నిలుస్తుంది.

బెర్లిన్‌లోని పోట్స్‌డామర్ ప్లాట్జ్‌లో 1990లలో కట్టిన భవన సముదాయం వానను ఆపి వాడుకునే పనిని పేట స్థాయిలో చేసింది. కప్పుల మీది వాన నేల కింది తొట్లలో చేరుతుంది. అందులోంచి టాయిలెట్లకు, తోటలకు, భవనాల మధ్యనున్న కొలనుకు పోతుంది. కొలను ఒడ్డున పెంచిన రెల్లు లాంటి మొక్కలు నీళ్లను శుభ్రం చేస్తాయి. టోక్యోలోని ర్యోగోకు సుమో మల్లయుద్ధ ప్రాంగణాన్ని 1985లో తెరిచారు. 8,400 చదరపు మీటర్ల దాని కప్పు మీది వాన నేలమాళిగలోని పది లక్షల లీటర్ల ట్యాంకులోకి దిగి, టాయిలెట్లకు, చల్లదనపు యంత్రాలకు పనికొస్తోంది. ఆ ప్రాంగణమున్న సుమిద వార్డులో వరద సమస్య ఉండేది. అందుకే అక్కడ ట్యాంకు రెండు పనులు చేస్తుంది, వాడుకకు నీళ్లిస్తుంది, వాన రోజున కాలువ మీద భారం తగ్గిస్తుంది.

చట్టాల మాటకొస్తే మన దగ్గర వాటికి కొదవ లేదు. 2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ తెచ్చిన నీరు, భూమి, చెట్ల పరిరక్షణ (వాల్టా) చట్టంలోనే కట్టడాల్లో వాననీటి ఏర్పాట్ల ప్రస్తావన ఉంది. తమిళనాడు 2003లో కొత్త, పాత కట్టడాలన్నిటికీ తప్పనిసరి చేసింది. బెంగళూరు 2009లో అదే బాట పట్టింది. కేంద్రం 2016లో ఇచ్చిన నమూనా భవన నియమాలు 100 చదరపు మీటర్లు, ఆపైనున్న ప్లాట్లకు దీన్ని వర్తింపజేశాయి. అయినా 2019 జూన్‌లో చెన్నైకి నీళ్లిచ్చే నాలుగు పెద్ద జలాశయాలూ ఎండిపోయాయి. అనుమతి కోసం గుంత తవ్వించి, ఆ తర్వాత దాని మొహం చూడని పద్ధతి అన్ని నగరాల్లోనూ ఉంది. గుంత ఉందా లేదా అని చూసే నియమాలు, అందులో నీళ్లు దిగుతున్నాయా అని చూడటం లేదు.

వేరే దేశాలు కొలతను మరోచోట పెట్టాయి. జర్మనీలో బెర్లిన్‌తో సహా అనేక నగరాలు మురుగునీటి రుసుము నుంచి వాననీటి రుసుమును విడదీశాయి. స్థలంలో గచ్చు చేసి కాలువకు కలిపిన ప్రతి చదరపు మీటరుకూ ఏటా చెల్లించాలి. గచ్చు తీసి గడ్డి పెంచితే బిల్లు తగ్గుతుంది. సింగపూర్ 2014 నుంచి 0.2 హెక్టార్లు, ఆపైనున్న స్థలాల్లో కట్టేవారు వాన ఉధృతిని తమ ఆవరణలోనే కొంత ఆపి, మెల్లగా కాలువకు వదలాలని నిబంధన పెట్టింది. రెండు చోట్లా చూసేది ఒకటే, గేటు దాటి బయటికి పోయే నీళ్లెన్ని అని. మన నగరాలు కూడా ఈ కొలతకు రావడం మంచిది.

కట్టడాల్లో చేసే ఈ ఏర్పాట్లతో వరదలన్నీ ఆగిపోతాయని అనుకోవడం పొరపాటు. 2020 అక్టోబరు 13న హైదరాబాద్ శివారు ఘట్‌కేసర్ ప్రాంతంలో ఒక్క రోజులో 30 సెంటీమీటర్లకు పైగా వాన పడింది. అంత వానను ఏ ఇంటి గుంతా మింగలేదు. నగరాలను స్పాంజిలా నీళ్లు పీల్చేలా మార్చాలని చైనా 2010ల మధ్యలో పెద్ద కార్యక్రమం చేపట్టింది. అందులో చేరిన జెంగ్‌జౌ నగరంలో 2021 జూలై 20న ఒక్క గంటలోనే 200 మిల్లీమీటర్లకు పైగా కురిసి సబ్‌వే సొరంగాల్లోకి నీళ్లు దూకాయి. కట్టడాల స్థాయి ఏర్పాట్లు ఏటా పలుమార్లు పడే మామూలు, ఓ మోస్తరు వానలను చక్కగా సంభాళిస్తాయి. అసాధారణ వానకు చెరువులు, వాటిని కలిపే వాగులు, నాలాలు ఖాళీగా, వెడల్పుగా ఉండాలి. కాకతీయులు ఒక చెరువు అలుగు నీళ్లు కింది చెరువులో చేరేలా గొలుసుకట్టుగా తవ్వించింది ఈ అవసరం తెలిసే. అందుకే స్థలం ఎంచుకునే దశలోనే పాత సర్వే పటాల్లో అది చెరువు నీళ్లు నిలిచే శిఖమా, వాగు దారా అని చూడటం వాననీటి నిర్వహణలో భాగం. శిఖంలో కట్టిన ఇంటికి ఎన్ని గుంతలు తవ్వినా నీళ్లు తమ పాత చోటికే వస్తాయి.

ఏర్పాటు ఏదైనా దాని ఆయుష్షు ఏటా చేసే నాలుగు చిన్న పనుల మీద ఉంటుంది. రోహిణి కార్తె ఎండల్లోనే, మృగశిరకు ముందే డాబా ఊడ్చి కడగాలి. పైపు నోళ్ల దగ్గర జాలీలు ఊడిపోతే బిగించాలి. గుంత పైనున్న ఇసుక ఒక అడుగు మేర తీసి, కడిగి, ఎండబెట్టి మళ్లీ వేయాలి. ట్యాంకు మూతకు, గాలి గొట్టానికి దోమ దూరని సన్నని వల కట్టాలి. డెంగీ మోసుకొచ్చే ఏడిస్ దోమ గుడ్లు పెట్టేది ఎక్కువగా శుభ్రమైన నిల్వ నీళ్లలో. గుడ్డు నుంచి దోమ కావడానికి దానికి వారం పది రోజులు చాలు. అందుకే ఇంకుడు గుంతలో వాన వెలిసిన రెండో రోజుకల్లా పైన నీళ్లు కనపడకూడదు. మూడో రోజు కూడా నిలిచి ఉంటే అడుగున మట్టి మూసుకుపోయిందని లెక్క. ఆ ఆదివారం పార పట్టుకుని గుంతలోకి దిగాల్సిందే.